ఆటు వేళ, మెత్తని వెలుగులో

1882లో ఇటలీలోని నేపుల్స్ అఖాతం ఒడ్డున ఒక ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు తుపాకీ పట్టుకుని తిరిగేవాడు. సముద్రపు పక్షి కనబడగానే భుజానికెత్తి గురిచూసేవాడు, మీట నొక్కేవాడు. పేలుడు వినబడేది కాదు, పిట్ట రాలేది కాదు. ఆయన పేరు ఎతియెన్ జూల్ మారే. ఆ తుపాకీ గొట్టంలో ఉన్నది తూటా కాదు, కటకం. వెనకున్న గుండ్రటి పెట్టెలో, వెలుగు సోకితే నల్లబడే పూత పూసిన గాజుబిళ్ల తిరుగుతుండేది. సెకనుకు 12 బొమ్మలు. ఒక్కో బొమ్మకు వెలుగు సోకే కాలం సెకనులో 720వ వంతు. రెక్క ఎలా లేస్తుందో, ఎలా దిగుతుందో, మనిషి కన్ను విడదీయలేని ఆ వరసను ఆయన విడదీసి చూపించాడు.

కానీ ఆ బొమ్మల్లో పక్షి ఒక నల్లని ఆకారం మాత్రమే. వెలుతురు నిండిన ఆకాశం ముందు నీడబొమ్మ. ఈక లేదు, రంగు లేదు, కంట్లో మెరుపు లేదు. అంత తక్కువ కాలంలో అంతకన్నా ఎక్కువ వివరం పట్టుకునే శక్తి ఆనాటి గాజుపలకకు లేదు. ఆ తర్వాత ఎన్నో దశాబ్దాల పాటు పక్షుల ఛాయాచిత్రకళ ప్రధానంగా ఎండ కళగానే బతికింది. 1935లో మార్కెట్లోకి వచ్చిన కొడాక్రోమ్ రంగుల ఫిల్ము వేగం, అంటే వెలుగును పట్టుకునే శక్తి, నేటి లెక్కల్లో సుమారు 10 ఐఎస్‌ఓ. ఈనాటి మామూలు కెమెరా 3200 దగ్గర కూడా శుభ్రమైన బొమ్మ ఇస్తుంది, అంటే 320 రెట్లు. ఇప్పుడు ఇంకో లెక్క చూడండి. నడినెత్తిన ఉన్న ఎండ నేల మీద సుమారు లక్ష లక్స్ వెలుగు కురిపిస్తుంది. నిర్మలమైన ఉదయాన, సూర్యుడు అంచు మీద నిలిచిన క్షణంలో నేలకు చేరేది సుమారు 400 లక్స్. తేడా 250 రెట్లు. తొంభై ఏళ్ల కిందట మిట్టమధ్యాహ్నం తప్ప సాధ్యం కాని బొమ్మ ఈరోజు సూర్యోదయాన సాధ్యమవుతోందంటే కారణం ఈ రెండు అంకెలూ ఒకదానికొకటి దగ్గరగా రావడమే.

అందుకే పక్షి ప్రేమికులు ఇప్పుడు చీకటి ఉండగానే తీరానికి చేరుతున్నారు. వాళ్లు వెతుక్కునే ఆ మెత్తని వెలుగు ఏమిటన్నది కొంచెం వివరంగా చూడాలి.

మెత్తని వెలుగు అంటే తక్కువ వెలుగు అని చాలామంది అనుకుంటారు. వెలుగు మెత్తదనాన్ని తేల్చేది దాని బలం కాదు, అది ఎంత విశాలమైన చోటు నుంచి వస్తోందన్నది. ఆకాశంలో సూర్యబింబం వెడల్పు అర డిగ్రీ. చెయ్యి చాచి చూస్తే చిటికెనవేలి గోరు చాటున దాగిపోతుంది. అంత చిన్న చోటు నుంచి వచ్చే వెలుగు పదునైన నీడ వేస్తుంది. కొంగ కంటి కింద నల్లటి మచ్చ పడుతుంది, పొట్ట మీద రెక్క నీడ గీతలా పడుతుంది. అదే సూర్యుడికి పల్చటి మబ్బు అడ్డమొచ్చిందంటే వెలుగు మొత్తం ఆకాశం నుంచి దిగుతుంది. తెల్లగుడ్డ షామియానా కింద కూర్చున్న పెళ్లివారి ముఖాల మీద నీడలు ఎందుకు కనబడవో, మబ్బు పట్టిన రోజున కొంగ మీద నీడలు కనబడకపోవడానికీ అదే కారణం.

తెల్లవారు వెలుగు మెత్తబడేది మరో దారిలో. సూర్యుడు అంచున ఉన్నప్పుడు కిరణం దాటవలసిన గాలి, నడినెత్తిన ఉన్నప్పటితో పోలిస్తే సుమారు 38 రెట్లు. పొట్టి తరంగాలున్న నీలి కాంతి ఆ దారిలో చెల్లాచెదురైపోతుంది. తరంగం పొడవు తగ్గేకొద్దీ ఈ చెదురుడు నాలుగో ఘాతంలో పెరుగుతుందని 1871లో లార్డ్ రేలీ లెక్కగట్టాడు. మిగిలి మన దాకా వచ్చేది ఎరుపు, నారింజ. రంగు గురించి అందరూ మాట్లాడతారు కానీ ఛాయాచిత్రకారుడికి అంతకన్నా విలువైన సంగతి ఇంకొకటి ఉంది. నేరుగా వచ్చే కిరణం బలహీనపడుతుంది, చెదిరిన వెలుగు ఆకాశమంతా పరుచుకుంటుంది. నీడలోకి కూడా ఆకాశం వెలుగు పోస్తుంది. దాంతో ఎండ భాగానికీ నీడ భాగానికీ ఉన్న ఎడం బాగా తగ్గిపోతుంది.

నీటి అంచున తిరిగే పిట్టలను బొమ్మ తీయడానికి ఈ ఎడం తగ్గడం ప్రాణావసరం. ఒకే ఒంటి మీద పాలతెలుపూ కాటుక నలుపూ ఉన్నవి వాటిలో ఎన్నో. నల్లరెక్కల స్టిల్ట్ పిట్టనే తీసుకోండి. తెల్లని పొట్ట, నల్లని వీపు, గులాబీ రంగు కాళ్లు. పదకొండు గంటల ఎండలో తెలుపును కాపాడితే నలుపు ముద్దయిపోతుంది, నలుపులో ఈకలు చూపబోతే తెలుపు సున్నం గోడవుతుంది. తెల్లకొంగ తెలుపు మరీ చిత్రమైనది. అందులో తెల్ల రంగుపదార్థమేదీ లేదు. ఈకలోని కెరటిన్ పోగులూ వాటి మధ్య గాలి ఖాళీలూ కలిసి అన్ని రంగుల వెలుగునూ సమానంగా చెదరగొట్టడం వల్ల తెల్లగా కనబడుతుంది. ఈకల అమరిక తెలియాలంటే పోగుకూ పోగుకూ మధ్య ఉన్న సన్నని వెలుగునీడల తేడా బొమ్మలో మిగలాలి. గట్టి ఎండలో మొదట పోయేది అదే.

దీనికి తోడు కెమెరా లోపలి వెలుగు మీటరు కూడా కొంగను అపార్థం చేసుకుంటుంది. లోకమంతా మధ్యస్థమైన బూడిద రంగు, సుమారు 18 శాతం వెలుగును తిప్పి పంపేది, అన్న ఊహ మీద అది నడుస్తుంది. నల్లని నీళ్ల మధ్య ఒంటరిగా నిలిచిన తెల్లకొంగను చూపిస్తే, చీకటి ఎక్కువగా ఉందనుకుని వెలుగు పెంచుతుంది, కొంగ కాలిపోతుంది. అప్పుడు ఎక్స్‌పోజర్‌ను ఒకటీ ఒకటిన్నర స్టాపులు తగ్గించాలి. ఫ్రేము నిండా తెల్లకొంగల గుంపే ఉంటే లెక్క తిరగబడుతుంది, పెంచాలి. బొమ్మలోని వెలుగుల పంపకాన్ని గీసి చూపే హిస్టోగ్రామ్ కుడి అంచును తాకకుండా చూసుకోవడం ఒక్కటే నమ్మదగిన పద్ధతి.

ఈ మెత్తని గంట మన దగ్గర ఒక గంట కూడా ఉండదు. ఐరోపా, అమెరికా ఫొటోగ్రఫీ పుస్తకాలు చదివినవాళ్లు ఇక్కడే మోసపోతారు. డిసెంబరులో లండన్‌లో సూర్యుడు మిట్టమధ్యాహ్నం కూడా సుమారు 15 డిగ్రీల ఎత్తే చేరతాడు, రోజంతా ఏటవాలు వెలుగే. 14 డిగ్రీల అక్షాంశం దగ్గరున్న సూళ్లూరుపేటలో అదే డిసెంబరులో సూర్యుడు గంటకు 13 డిగ్రీల చొప్పున పైకి లేస్తాడు. ముప్పావుగంటలో 10 డిగ్రీలు దాటేస్తాడు, కిరణం దాటే గాలి 38 రెట్ల నుంచి ఐదున్నర రెట్లకు పడిపోతుంది. ఆపైన బురద వేడెక్కడం మొదలవుతుంది. వేడిగాలి పొరలూ చల్లగాలి పొరలూ కలిసే చోట కాంతి వంకరలు తిరుగుతుంది. 600 మిల్లీమీటర్ల లెన్సుతో దూరపు పిట్టను తీస్తే ఎంత ఖరీదైన పరికరమైనా వణుకుతున్న బొమ్మనే ఇస్తుంది. దీనికి మందు లేదు, దగ్గరగా ఉండటమో పొద్దున్నే ముగించుకోవడమో తప్ప. ఈశాన్య రుతుపవనాల మబ్బులు కమ్మిన అక్టోబరు, నవంబరు రోజులు, భోగి మంటల నాటి మంచు పట్టిన ఉదయాలు మాత్రం ఈ గడువును పొడిగిస్తాయి.

సూర్యుడి గడియారం ఒకటైతే, తీరంలో రెండో గడియారం కూడా నడుస్తుంటుంది. అది చంద్రుడిది.

కాకినాడ తీరంలోని బురదమేటల మీదికి శీతకాలంలో ఉత్తరాది నుంచి ఉల్లంకి పిట్టలు, ప్లోవర్లు, కర్లూలు, గాడ్‌విట్లు వస్తాయి. అంతరించే ప్రమాదమున్న జాతుల జాబితాలో చేరిన గ్రేట్ నాట్ కూడా వాటిలో ఉంది. వాటి తిండి, అంటే పురుగులు, గవ్వలు, పీతపిల్లలు, బురదలో ఉంది. బురద తేలేది ఆటు వేళ. అక్కడ ఆటుకూ పోటుకూ మధ్య నీటిమట్టం తేడా గుజరాత్‌లోని ఖంభాత్ సింధుశాఖలో లాగా పది మీటర్లేమీ ఉండదు, మీటరు పైచిలుకు మాత్రమే. కానీ నేల వాలు 500కు ఒకటి చొప్పున ఉంటే ఆ ఒక్క మీటరు దిగుడుకే అర కిలోమీటరు బురద బయటపడుతుంది. నీరు పూర్తిగా తీసినప్పుడు పిట్టలు కనుచూపు మేరకు చెదిరిపోతాయి. నీరు నిండా ఎక్కినప్పుడు ఎత్తైన ఇసుకతిన్నె మీద గుంపుగా కునుకు తీస్తాయి. బొమ్మకు అనువైనది మధ్యకాలం. పోటు మెల్లగా ఎక్కుతూ మేత మేస్తున్న పిట్టలను ఒడ్డు వైపు నెట్టుకొచ్చే గంట అది.

ఒక పోటుకూ తర్వాతి పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. అంటే పోటు వేళ రోజురోజుకూ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. కాబట్టి ఎక్కుతున్న పోటూ తొలిపొద్దూ ఒకేసారి కలిసేది పక్షంలో కొద్ది రోజులే. ఈ లెక్కకు యాప్ అక్కర్లేదు, పంచాంగం చాలు. ఒక పౌర్ణమి నాడు ఏ గంటకు ఆటు వచ్చిందో తర్వాతి అమావాస్య నాడు కూడా దాదాపు ఆ గంటకే వస్తుంది. తీరంలో పుట్టి పెరిగిన వేటగాళ్లు తిథిని బట్టి నీటి వేళ చెబుతారు. అంకెలు కావాలనుకునేవారికి హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ సముద్ర సమాచారంతో పాటు ఆటుపోట్ల అంచనాలు కూడా ఇస్తోంది. బురదలో దిగేవాళ్లకు ఇది అందం కోసమే కాదు, ప్రాణరక్షణ కోసం కూడా. వెనక పాయ నిండితే తిరిగి వచ్చే దారి ఉండదు.

చోటూ వేళా కుదిరాక చేయవలసిన అతి ముఖ్యమైన పని పడుకోవడం. నిలబడిన మనిషి కళ్లు నేలకు 1.6 మీటర్ల ఎత్తున ఉన్నాయనుకుందాం. పది మీటర్ల దూరంలోని నీటిని అతను 9 డిగ్రీల వాలులో చూస్తాడు. ఆ కోణంలో నీరు తన మీద పడిన వెలుగులో సుమారు 38 శాతాన్ని తిప్పి పంపుతుంది, మిగతాది లోపలికి పోతుంది. కాబట్టి ఫొటోలో అడుగు బురద రంగు కనబడుతుంది. అదే మనిషి బోర్లా పడుకుని కెమెరాను 30 సెంటీమీటర్ల ఎత్తుకు దించితే కోణం రెండు డిగ్రీల లోపుకు వస్తుంది, తిరిగి వచ్చే వెలుగు 83 శాతానికి చేరుతుంది. ఇప్పుడు నీటి రంగు ఆకాశపు రంగే. మెచ్చుకోళ్లందుకునే ఆ గులాబీ నీళ్ల బొమ్మలు ఏ సాఫ్ట్‌వేర్ మాయా కాదు. ఫ్రెనెల్ అనే ఫ్రెంచి భౌతిక శాస్త్రవేత్త రెండు వందల ఏళ్ల కిందట రాసిన సమీకరణాలు చెప్పేది అదే. పైగా కెమెరా కిందికి దిగేకొద్దీ పిట్ట వెనకున్న నేపథ్యం దూరం జరిగి మసకబారుతుంది, పిట్ట ఒక్కటే స్పష్టంగా నిలుస్తుంది.

పడుకోవడంలో మూడో లాభం పిట్ట వైపు నుంచి. నిలువెత్తు మనిషి ఆకారాన్ని చూసి బెదిరే ఉల్లంకి, నేలకు అతుక్కుని కదలకుండా ఉన్న ఆకారానికి చాలాసార్లు దగ్గరగా వస్తుంది. ఇంగ్లండులోని యార్క్‌షైర్‌కు చెందిన కియర్టన్ సోదరులు 1900లో బోలు ఎద్దు బొమ్మ చేయించుకుని అందులో దాక్కుని పక్షుల బొమ్మలు తీశారు. గేదెల కాళ్ల మధ్య కొంగలు నిర్భయంగా తిరగడం చూసిన మన పల్లెవాళ్లకు ఆ ఆలోచన వెంటనే అర్థమవుతుంది.

వెలుగు కోణంతో కుస్తీ పడేది మనిషి ఒక్కడే కాదు, కొంగ కూడా. నీటి మీది తళుకు దానికీ అడ్డమే. పెద్ద నీలి హెరాన్ తన తలను సూర్యుడి వైపు ఒరగదీసి వేటాడుతుందని, తళుకు పడే చోటును చేప ఉన్న చోటు నుంచి తప్పించడానికే అలా చేస్తుందని 1973లో క్రెబ్స్, పార్ట్‌రిడ్జ్ అనే ఇద్దరు పరిశోధకులు 'నేచర్' పత్రికలో వివరించారు. రెండో చిక్కు వక్రీభవనం. నీటిలో చేప ఉన్నచోట కనబడదు, కాస్త పైకి తేలినట్టు కనబడుతుంది. రీఫ్ హెరాన్ ఈ తేడాను ఎలా సరిదిద్దుకుంటుందో ఇజ్రాయెల్‌లో గాడి కాట్జిర్, ఇంట్రేటర్ పరీక్షించి 1987లో ప్రచురించారు. చేప కనబడే లోతుకూ అసలు లోతుకూ మధ్య ఒక నిలకడైన నిష్పత్తి కుదిరేలా తల ఎత్తునూ కోణాన్నీ అమర్చుకుని అప్పుడు పొడుస్తుంది. ఫొటోగ్రాఫర్‌కు ఇది పనికొచ్చే జ్ఞానం. కొంగ మెడ మెల్లగా పక్కకు ఒరిగి, ముందుకు సాగి, బిగుసుకుందంటే లెక్క పూర్తయినట్టు. షట్టర్ మీద వేలు ఉండవలసింది ఆ క్షణంలో.

ప్లోవర్ తీరు వేరు. దానివి పెద్ద కళ్లు, చూపుతో వేట. నాలుగడుగులు పరుగెత్తి ఠక్కున ఆగి చూస్తుంది, మళ్లీ పరుగెడుతుంది. వెలుగు చాలని వేళలో ఆ ఆగిన క్షణమే వరం, సెకనులో 200వ వంతు షట్టర్ కూడా సరిపోతుంది. ఉల్లంకి జాతులు ఆగవు. వాటి ముక్కు కొనలో స్పర్శను పసిగట్టే కణాలు కిక్కిరిసి ఉంటాయి కాబట్టి కుట్టుమిషన్ సూదిలా గుచ్చుకుంటూ పోతాయి. ఎర్రనాట్ పిట్ట తడి ఇసుకలో ముక్కు దింపినప్పుడు పుట్టే నీటి ఒత్తిడి తేడాలను బట్టి, తాకకుండానే లోపలి గవ్వను కనిపెట్టగలదని 1998లో డచ్చి శాస్త్రజ్ఞులు చూపించారు. ఇటువంటి పిట్టకు 1000వ వంతు వేగం కావాలి, ఐఎస్‌ఓ ఎంత పెరిగినా వెనకాడకూడదు. గరుకైన బొమ్మను తర్వాత నునుపు చేయవచ్చు, అలుక్కుపోయిన తలను ఎవరూ తిరిగి తేలేరు.

ఇక పులికాట్. చిలికా తర్వాత దేశంలో రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు, అధికభాగం తిరుపతి జిల్లాలోనిది. సూళ్లూరుపేట నుంచి అటకానితిప్ప మీదుగా శ్రీహరికోటకు పోయే రోడ్డు సరస్సును చీల్చుకుంటూ దాదాపు తూర్పు పడమరలుగా సాగుతుంది. శీతకాలంలో సూర్యుడు తూర్పుకు 24 డిగ్రీలు దక్షిణంగా ఉదయిస్తాడు, పడమటికి అంతే దక్షిణంగా అస్తమిస్తాడు. అంటే రోడ్డుకు ఉత్తరం వైపు ఉన్న రాజహంసల మీద ఉదయం, సాయంత్రం కూడా వెలుగు తీసేవారి భుజం వెనక నుంచి పడుతుంది. దక్షిణం వైపు తిరిగితే ఎదురువెలుగు, అంచులు వెలిగే నీడబొమ్మలు. పైగా ఆ రోజుల్లో గాలి ఎక్కువగా ఈశాన్యం నుంచి వీస్తుంది. పక్షి ఎగిరేది, దిగేది గాలికి ఎదురుగానే. ఇవన్నీ కారు ఆపకముందే ఆలోచించుకోవచ్చు. బస్సులకు అలవాటుపడ్డ పక్షులు ఆగిన కారును పట్టించుకోవు, తలుపు తీసి మనిషి దిగితేనే నడక మొదలుపెడతాయి.

రాజహంస గులాబీ తిండి వల్ల వచ్చిందే. నాచులో, రొయ్య జాతి చిన్న జీవుల్లో ఉండే కెరటినాయిడ్లు ఈకల్లో చేరతాయి, పిల్లలు బూడిద రంగులోనే ఉంటాయి. మధ్యాహ్నపు ఎండలో ఈక పైపొర తళుకు తెల్లగా కమ్మేసి ఆ గులాబీని పలచన చేస్తుంది. తొలి వెలుగులో రంగు దాని నిజమైన చిక్కదనంతో కనబడుతుంది. కెమెరాను ఆటో వైట్ బ్యాలెన్స్‌లో వదిలేస్తే వెచ్చదనాన్ని దోషమనుకుని తుడిచేస్తుంది, పగటి వెలుగు అమరికలో పెట్టుకోవడం మేలు.

అసలు ఎరుపు మాత్రం రెక్క మడతలో దాగి ఉంటుంది. నలుపు అంచుతో కుంకుమ రంగు రెక్క విచ్చుకునేది ఎగిరినప్పుడు. ఆ ఒక్క బొమ్మ కోసం గుంపు మీదికి నడిచి, కేకలేసి, రాళ్లు విసిరి లేపేవాళ్లున్నారు. ఇది దౌర్జన్యం, దీనికి ఇంకో పేరు లేదు. 2022లో అయిదు నెలల వయసున్న ఒక బార్‌టెయిల్డ్ గాడ్‌విట్ అలాస్కా నుంచి టాస్మేనియాకు ఎక్కడా వాలకుండా 11 రోజుల్లో 13,560 కిలోమీటర్లు ఎగిరింది. ఇంధనమంతా ఒంట్లో పోగేసుకున్న కొవ్వు. ఆ జాతి మన తూర్పు తీరానికి కూడా వస్తుంది. ఇంత లెక్కగా బతికే జీవిని మేతవేళ ఒకసారి లేపితే ఎగరడానికి ఖర్చయిన శక్తి పోతుంది, నీరు కమ్ముకొచ్చేలోగా మేయవలసిన సమయమూ పోతుంది. రాజహంస రెక్క కావాలంటే కాచుకోవడమే. శీతకాలపు గుంపుల్లో అవి మెడ నిలబెట్టి రెండు రెక్కలూ వాటంతటవే చాచి చూపించే నాట్యం చేస్తాయి.

పాఠకులు ఈసారి తీరానికి వెళ్లినప్పుడు ఒక చిన్న నియమం పెట్టుకోవాలి. మేస్తున్న పిట్ట తలెత్తి మీ వైపు చూస్తే ఆగండి. రెండు మూడు కలిసి తలెత్తితే మెల్లగా వెనక్కి జరగండి. పోటు వేళ తిన్నె మీద నిద్రపోయే గుంపు జోలికి అసలు వెళ్లవద్దు. అభయారణ్యం లోపలైతే అటవీ శాఖ అనుమతి తీసుకోండి. మార్చి చివరి నుంచి ఏప్రిల్ దాకా ఈ జాగ్రత్త రెట్టింపు కావాలి. శీతకాలమంతా బూడిద రంగులో తిరిగిన కర్లూ శాండ్‌పైపర్ అనే ఉల్లంకి ఆ వారాల్లో ఇటుక ఎరుపుకు మారుతుంది, సైబీరియా ఉత్తర కొసన గూడు కట్టుకోవడానికి కొవ్వు పట్టిస్తుంటుంది. మే నెల వచ్చేసరికి వాటిలో చాలా భాగం మన తీరం విడిచి వెళ్లిపోతాయి.